కొడవటిగంటి కుటుంబరావుగారు

శవమును భుజమున వేసికొని శ్మశానమువైపు నడచు విక్రమార్కుడు, ఆ శవమునందుండి కథ చెప్పు బేతాళుడు, రాజునకు మౌనభంగము కాగానే శవముతోగూడ మాయమై మరల చెట్టెక్కుట – ఇవి మన తాతలకును తండ్రులకును చిరపరిచితములు. కాని నెలనెల ఆ కథలను తీర్చిదిద్దినవారి పేరు వారిలో చాలమందికి తెలియదు. ఆ కథలమీద వారి పేరు ఉండెడిది కాదు. ఆ పేరులేని పెద్దమనిషియే కొడవటిగంటి కుటుంబరావుగారు.

వీరు 1909వ సంవత్సరము అక్టోబరు 28వ తేదీన తెనాలిలో జన్మించిరి. చిన్ననాటనే తల్లిదండ్రులను పోగొట్టుకొనిరి. తెనాలిలో పాఠశాల చదువు, గుంటూరులో ఇంటర్మీడియెట్, విజయనగరము మహారాజా కళాశాలలో భౌతికశాస్త్రము ముగించి, ఎం.ఎస్సీ. చదువుటకు కాశీ హిందూ విశ్వవిద్యాలయమునకు వెళ్ళిరి. అది 1930 ప్రాంతము. లోకమంతటను ఆర్థికమాంద్యము వ్యాపించిన దినములు. డబ్బు చాలక ఆ చదువు నడుమ నిలిచిపోయినది. పిదప చాలకాలము ఊరు మారి ఊరు తిరుగుచు, దొరకిన ఉద్యోగమెల్ల చేసిరి. సిమ్లాలో గుమాస్తాపని గూడ అందులో నొకటి. తుదకు మదరాసు చేరి, ఆంధ్రపత్రిక వారపత్రికలో కొంతకాలము పనిచేసి, 1952లో చందమామకు వచ్చిరి. 1980 ఆగస్టు 17వ తేదీన మరణించు వరకు, అనగా ఇరువది యెనిమిదేండ్లు, అచ్చటనే యుండిరి.

పెద్దలకొరకు వారు వ్రాసిన కథలను, నవలలను చూచినవారికి ఒక ఆశ్చర్యము కలుగక మానదు. వానిలో మాయలు లేవు, మంత్రములు లేవు. మధ్యతరగతి కుటుంబముల పేదరికము, పెండ్లిండ్లు, ఉద్యోగములు, అప్పులు, ఆత్మవంచన, ఇవియే వారి వస్తువులు. 'చదువు' అను నవలలో సుందరమను బాలుడు అక్షరాభ్యాసము మొదలు కళాశాల వరకు చదివిన తీరును చెప్పిరి. అందు రాక్షసుడు లేడు గాని, బాలుని భయములు మాత్రము నిండుగా నున్నవి. పై తరగతుల విద్యార్థులు ఆ పుస్తకమును తప్పక చదువవలెనని మా కోరిక. వారు హేతువాదులు. విజ్ఞానశాస్త్రముపై వ్యాసములు వ్రాసిరి. 1970లో ఏర్పడిన విప్లవ రచయితల సంఘమున చేరిరి. ఇట్టివారు భూతములు, రాకుమారులు, మాయాద్వీపములు గల పత్రికను అంతకాలము ఎట్లు నడపిరి?

ఈ ప్రశ్న మనకు దూరమైనది కాదు. పిల్లలు అద్భుతకథలు చదివిన మూఢనమ్మకములు పెరుగునని కొందరు తల్లిదండ్రులు శంకింతురు. మాకు తోచిన సమాధానము బేతాళకథలోనే యున్నది. బేతాళుడు కథ చెప్పి ఊరకుండడు, చిక్కు ప్రశ్న వేయును. తెలిసియు చెప్పకున్న తల పగులును, చెప్పినచో శ్రమ వృథాయగును. రాజు కారణములు చూపి తీర్పు చెప్పవలెను. చదువు బాలుడు ఆ పుట త్రిప్పుటకు ముందే తన తీర్పు తాను చెప్పుకొనును. దయ్యము పేరు పెట్టి తర్కము నేర్పుట గాక ఇది మరేమి? పదునొకండవ శతాబ్దమున సోమదేవుడు కథాసరిత్సాగరమున చేర్చిన బేతాళకథలు ఇరువదియైదు మాత్రమే. అవి అయిపోయిన పిమ్మట అదే చట్రమున క్రొత్త కథలు దశాబ్దములు సాగినవి. నెలకొక చిక్కు ప్రశ్నను కల్పించుట సామాన్యమైన పని కాదు.

అద్భుతము పిల్లలసొత్తే యనుట గూడ మన సాహిత్యమునకు సరిపడదు. పదునారవ శతాబ్దమున పింగళి సూరన వ్రాసిన కళాపూర్ణోదయము పెద్దలకావ్యము. మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథలను ఇంటిల్లిపాదియు చదివిరి. చందమామను స్థాపించిన నాగిరెడ్డి, చక్రపాణిగార్లే 1951లో పాతాళభైరవి చిత్రమును తీసిరి. దానిని చూచుటకు పిల్లలు మాత్రమే పోలేదు గదా!

చందమామ 1947 జూలైలో తెలుగున, తమిళమున ఒక్కసారే వెలువడినది. తమిళమున దాని పేరు అంబులిమామ. పిదప కన్నడము, హిందీ మొదలైన భాషలు చేరినవి. తెలుగు, తమిళము, కన్నడము మూడును ఒకే సంతలో వినబడు హోసూరు, కృష్ణగిరి ప్రాంతమువారమైన మనకు దీని విలువ ఇతరులకన్న బాగుగ తెలియును. బొమ్మ యొకటే, లిపి వేరు. విక్రమార్కునకు మనమెరిగిన రూపమిచ్చిన శంకర్‌గారు తమిళులు. 'తోకచుక్క' మొదలుగా ధారావాహికలు వ్రాసిన దాసరి సుబ్రహ్మణ్యముగారు, వానికి రంగుల బొమ్మలు వేసిన 'చిత్ర'గారు, వీరందరితో కలిసి కుటుంబరావుగారు పనిచేసిరి.

వారి ముఖ్యమైన మేలు భాషను గూర్చినదని మా యభిప్రాయము. వచ్చిన కథలను వారు తిరుగవ్రాసి, చిన్న వాక్యములతో, నలుగురికిని తెలిసిన మాటలతో అచ్చునకు పంపెడివారు. (మేమీ వ్యాసమును వ్రాయుచున్న శైలిని వారు మెచ్చుకొనియుండరు.) గుంటూరు బాలునకును బేరికె బాలునకును ఇంటిమాట ఒకటి కాదు. అయినను ఆ పత్రిక ఇద్దరికిని అర్థమైనది. 2006లో తమిళనాడు ప్రభుత్వము చేసిన చట్టముతో తమిళము మన పిల్లలకు తప్పనిసరి పాఠ్యాంశమైనది. తమిళము నేర్వవలసినదే, అది ఇరుగుపొరుగు భాష. కాని పరీక్షల భారము పెరిగినకొలది, మార్కులురాని తెలుగు కథలపుస్తకము ఎందులకని ఇండ్లలో అడుగుట వినుచున్నాము. పాఠ్యపుస్తకము అక్షరములు నేర్పును. తరువాతి పుటలో ఏమి జరుగునో యను ఆతురతతో తనంతట తాను చదువు అలవాటును నేర్పునది కథ.

కుటుంబరావుగారి మరణానంతరము ముప్పదియేండ్లకు పైగా నడచి చందమామ ఆగిపోయినది. వారి కుమారుడు రోహిణీప్రసాద్‌గారు భౌతికశాస్త్రజ్ఞులై, తండ్రివలెనే సులభమైన తెలుగున విజ్ఞానవ్యాసములు వ్రాసి, 2012లో కన్నుమూసిరి. పాత చందమామ సంపుటములు మాత్రము కొన్ని ఇండ్ల అటకలమీద నేటికిని గలవు. దొరకినవారు బొమ్మలు చూచి ఊరకొనక, బేతాళుని ప్రశ్నవద్ద పుస్తకము మూసి, ముందు తమ తీర్పు తాము చెప్పి చూతురు గాక.