పసుపు రంగు మందు వెనుక భీమవరం డాక్టర్.. ఎవరీ యల్లాప్రగడ సుబ్బారావు?

నిజామాబాద్ జిల్లా ఏర్గట్ల: వానాకాలం జొరాలు మొదలయ్యాయంటే డాక్సీసైక్లిన్ గోలీ పేరు వినని ఇల్లు తక్కువే. బోదకాలు రాకుండా ఇంటింటికీ తిరిగి మింగించే డీఈసీ గోలీలు కూడా జిల్లాకు కొత్త కాదు. ఈ రెండింటి మూలాలు వెతుక్కుంటూ పోతే అమెరికాలోని ఒకే ల్యాబ్ దగ్గర తేలతాం. అక్కడ పరిశోధనను నడిపించింది మన తెలుగు డాక్టరే. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చదువులో ఫస్ట్ ర్యాంకుల కథ కాదిది. మెట్రిక్ గట్టెక్కడానికే మూడుసార్లు పరీక్ష రాయాల్సి వచ్చింది. చిన్నప్పుడు కాశీ వెళ్లి అరటిపండ్లు అమ్ముకుందామని ఇంట్లోంచి పారిపోయారని కూడా చెబుతారు. తర్వాత మద్రాస్ మెడికల్ కాలేజీలో చేరారు. స్వాతంత్ర్యోద్యమ రోజులు కదా, ఖద్దరు కట్టుకుని క్లాసుకు వెళ్లారు. అది సర్జరీ ప్రొఫెసర్‌కు నచ్చలేదు. చివరికి చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, దానికంటే తక్కువ స్థాయి ఎల్‌ఎంఎస్.

ఇంట్లో చావులు ఆయన్ని వెంటాడాయి. స్ప్రూ అనే పేగు జబ్బు అన్నదమ్ములను బలి తీసుకుంది. తర్వాత భార్య శేషగిరిని ఇక్కడే వదిలి బోస్టన్ చేరారు. ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. బ్యాక్టీరియా వల్ల వచ్చే చర్మ ఇన్ఫెక్షన్ ఆ బిడ్డ ప్రాణం తీసింది. తండ్రి కొడుకు ముఖం కూడా చూడలేదు. అప్పటికి యాంటీబయాటిక్స్ అనేవే లేవు.

బోస్టన్‌లో పూట గడవడానికి ఆస్పత్రిలో రాత్రి డ్యూటీలు చేశారు. హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు. కండరాలకు శక్తినిచ్చే ఏటీపీని 1929లో లోకానికి చూపించిన వాళ్లలో ఆయనా ఒకరు. ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకు పర్మనెంట్ కొలువు ఇవ్వలేదు. దాంతో 1940లో న్యూయార్క్ రాష్ట్రం పెరల్ రివర్‌లోని లెడర్లే కంపెనీకి మారారు. మన అదృష్టం అనుకోవాలి.

లెడర్లేలో ఆయన టీమ్ ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. అన్నదమ్ములను మింగిన స్ప్రూకు అదే మందైంది. బోదకాలుకు హెట్రజాన్ వచ్చింది. మనం మింగే డీఈసీ అదే.

ఇక టెట్రాసైక్లిన్ దగ్గరికి వద్దాం. మట్టిలో ఉండే సూక్ష్మజీవుల నుంచి కొత్త మందు తీయాలన్నది ప్లాన్. ఆ పనికి 70 ఏళ్లు దాటిన రిటైర్డ్ ప్రొఫెసర్ బెంజమిన్ డగ్గర్‌ను తీసుకున్నారు. అమెరికా నలుమూలల నుంచి మట్టి తెప్పించారు. మిస్సోరి యూనివర్సిటీ పొలంలోని ఒక గడ్డి మడి నుంచి వచ్చిన మట్టిలో బంగారు పసుపు రంగు సూక్ష్మజీవి దొరికింది. దాన్నుంచి తీసిన మందు ఆరియోమైసిన్. టెట్రాసైక్లిన్ కుటుంబంలో ఇదే మొదటిది. పెన్సిలిన్‌కు లొంగని కొన్ని జొరాలు దీనికి లొంగాయి.

అసలు ఈ మందు ఏం చేస్తుంది? బోధన్ షుగర్ ఫ్యాక్టరీ నడిచిన రోజులు గుర్తు తెచ్చుకోండి. చెరుకు బండ్లు దింపే చోట ఎవరో అడ్డంగా కూర్చుంటే? మిషన్ బాగానే ఉంటుంది, లోపలికి చెరుకే రాదు. బ్యాక్టీరియాలో ప్రొటీన్ తయారుచేసే యంత్రం రైబోజోమ్. దానికి ముడిసరుకు అందే చోటే టెట్రాసైక్లిన్ కూర్చుంటుంది. ప్రొటీన్ ఆగుతుంది, క్రిమి పెరగడం ఆగుతుంది. చాలావరకు ఇది క్రిమిని నేరుగా చంపదు, ఆపుతుంది. మిగతా పని మన ఒంట్లోని రక్షణ కణాలదే. అందుకే జొరం తగ్గిందని రెండు రోజులకే గోలీలు మానేయకూడదు. వైరస్ జొరానికైతే ఈ మందు పనే చేయదు.

ఇక్కడే ఒక మెలిక ఉంది. పసుపులో సున్నం కలిపితే ఏమవుతుందో పసుపు పండించే ఏర్గట్ల వాళ్లకు చెప్పక్కర్లేదు. ఎర్రబడుతుంది. ఈ పసుపు మందుకూ సున్నం అంటే, అదే కాల్షియం అంటే, అంతే మోజు. పాలతో గోలీ మింగితే కడుపులోనే కాల్షియంతో ముడిపడిపోతుంది. రక్తంలోకి వెళ్లాల్సిన మందు పేగుల్లోంచి బయటికి పోతుంది. ఐరన్ గోలీలు, గ్యాస్ మందులతో కూడా ఇదే తంటా. డాక్సీసైక్లిన్‌కు పాల బెడద కొంత తక్కువే. అయినా ఐరన్ గోలీకీ దీనికీ మధ్య ఎంత టైమ్ ఉండాలో డాక్టర్‌ను అడిగి వేసుకోవడమే మేలు.

రక్తంలోకి చేరిన మందుకూ ఆ మోజు పోదు. పెరుగుతున్న ఎముకల్లో, పళ్లలో చేరి కూర్చుంటుంది. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు పాత టెట్రాసైక్లిన్ ఇస్తే పళ్లు పసుపు, గోధుమ రంగుకు తిరుగుతాయి, తర్వాత ఎంత తోమినా పోవు. గర్భిణులకు వద్దనేది కూడా ఇందుకే.

పాత టెట్రాసైక్లిన్ ఎక్కువగా కిడ్నీల ద్వారా, మూత్రంలో పోతుంది. కిడ్నీ బాగాలేని వాళ్లలో పేరుకుపోతుంది. 1967లో వచ్చిన డాక్సీసైక్లిన్ చాలావరకు పేగుల దారిన పోతుంది కాబట్టి వాళ్లకూ వాడగలుగుతున్నారు. ఒంట్లో ఎక్కువసేపు ఉంటుంది, రోజుకు ఒకటో రెండో చాలు. కానీ గ్లాసెడు నీళ్లతో మింగాలి, మింగిన వెంటనే పడుకోకూడదు. గొంతు కింద గొట్టంలో ఇరుక్కుంటే పుండు చేస్తుంది. ఈ మందు వాడే రోజుల్లో ఎండలో చేను పనికి పోతే చర్మం కమిలిపోవచ్చు, ఒళ్లు కప్పుకోవాలి.

ఆరియోమైసిన్ గురించి 1948 జులైలో న్యూయార్క్‌లో ప్రకటించారు. పేరు ఎక్కువగా డగ్గర్‌కే వచ్చింది. సుబ్బారావు పేటెంట్ల కోసం, పేపర్లో ఫొటోల కోసం తిరిగే మనిషి కాదు. ఆ ప్రకటన వచ్చిన కొద్ది వారాలకే, ఆగస్టులో, నిద్రలోనే గుండెపోటుతో కన్నుమూశారు. వయసు 53. అమెరికా వెళ్లాక మళ్లీ ఈ గడ్డ మీద కాలు పెట్టలేదు. శేషగిరి ఇక్కడే ఉండిపోయారు. ఆయన బొమ్మతో మన తపాలా శాఖ స్టాంపు వేసేసరికి 1995 వచ్చింది.