యల్లాప్రగడ సుబ్బారావు

మన రక్తంలోని తెల్లకణాలు కోటను కాపాడే కావలివారివంటివి. రోగక్రిములు శరీరంలో ప్రవేశిస్తే అవి ఎదిరించి పోరాడుతాయి. ఆ కావలివారే దారితప్పి, పరిణతి చెందకుండా లెక్కకు మించి పెరిగిపోతే వచ్చే జబ్బు రక్త క్యాన్సర్. ఒకప్పుడు దీనికి మందు లేదు. ఆ మందుకు దారి చూపినవారిలో ఒకరు మన తెలుగువారైన యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తల్లి వేంకమ్మ, తండ్రి జగన్నాథం. మెట్రిక్యులేషన్‌లో రెండుసార్లు తప్పి, మూడవసారి ఉత్తీర్ణులయ్యారు. మద్రాసు వైద్య కళాశాలలో చదువుతూ గాంధీజీ పిలుపు విని ఖద్దరు ధరించారు. అది నచ్చని ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహం వల్ల ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు. ఎల్.ఎం.ఎస్. పట్టాతోనే సరిపెట్టుకోవలసి వచ్చింది. సోదరుడు పురుషోత్తం స్ప్రూ అనే ప్రేగుల జబ్బుతో మరణించడం ఆయన మనసును కలచివేసింది.

1922లో మామగారి సాయంతో అమెరికా వెళ్ళారు. భార్య శేషగిరిని విడిచి వెళ్ళిన ఆయన మళ్ళీ స్వదేశానికి రాలేదు. ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న పనులు చేస్తూ హార్వర్డులో చదివారు.

1940లో లెడర్లీ సంస్థలో చేరారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. సోదరుణ్ణి బలిగొన్న స్ప్రూకు అది మందయింది.

కణాలు వృద్ధి కావడానికి ఫోలిక్ ఆమ్లం కావాలి. అచ్చం దానివలె ఉండి, దాని పనిని అడ్డుకొనే మందులను సుబ్బారావు బృందం రూపొందించింది. డాక్టర్ సిడ్నీ ఫార్బర్ అందులో ఒకదానిని రక్త క్యాన్సర్ సోకిన 16 మంది పిల్లలకు ఇచ్చారు. 10 మందికి కొంతకాలంపాటు జబ్బు తగ్గుముఖం పట్టినట్లు 1948లో ప్రకటించారు. అది శాశ్వతమైన నివారణ కాదు. అయినా లొంగదనుకొన్న జబ్బు మొదటిసారి వెనుకంజ వేసింది. ఆ కోవలోనిదే మెథోట్రెక్సేట్. నేడు వైద్యులు తెల్లకణాల ఉపరితలం మీది గుర్తులను చూసి క్యాన్సర్ రకాన్ని తెలుసుకొంటున్నారు. మెథోట్రెక్సేట్‌ను ఇప్పటికీ వాడుతున్నారు.

బోదకాలుకు వాడే డై ఇథైల్ కార్బమజైన్ కూడా ఆయన బృందం కృషి ఫలితమే. హుమ్నాబాదు ఉన్న బీదరు జిల్లాలోనూ ఈ మాత్రలను ఇంటింటా పంచిపెట్టారు.

1948 ఆగస్టులో, 53 ఏళ్ళ వయసులో, సుబ్బారావు న్యూయార్కులో నిద్రలోనే కన్నుమూశారు. కీర్తిని ఆయన ఏనాడూ కోరలేదు. శతజయంతి సందర్భంగా 1995లో భారత ప్రభుత్వం ఆయన స్మారక తపాలా బిళ్ళను విడుదల చేసింది. పరీక్షలో తప్పినా పట్టుదల విడువని ఒక విద్యార్థి కృషి ఎందరికో ప్రాణదానం చేసింది.