జీవరసాయన తపస్వి యల్లాప్రగడ సుబ్బారావు

సీతాకోకచిలుక రెక్కల మీది పసుపు వన్నెకూ, మనిషి నెత్తురుకూ సంబంధం ఉందంటే ఆశ్చర్యం కలుగుతుంది. ఆ వన్నెను పరిశీలించిన రసాయన శాస్త్రవేత్తలు, అందులోని పదార్థాలకు రెక్క అనే అర్థమున్న గ్రీకు పదం నుండి టెరిన్లు అని పేరు పెట్టారు. టెరిన్ల కుటుంబానికి చెందిన ఒక పదార్థం ఎముకల మజ్జలో రక్తకణాలు పుట్టడానికి అత్యవసరం. దానిని కాలేయం నుండి వేరుచేసి, ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి నాయకత్వం వహించినవారు తెలుగువారైన యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895 జనవరి 12న పశ్చిమ గోదావరి ప్రాంతంలోని భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. కుటుంబం పేదది. చదువు మీద మొదట్లో ఆయనకు శ్రద్ధ లేదు. కాశీ యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం సంపాదించాలని ఇల్లు విడిచి బయలుదేరగా, తల్లి వెనుకకు రప్పించింది. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గాని పూర్తికాలేదు. తరువాత సన్యాసం మీదికి మనసు పోయింది. రామకృష్ణ మఠంవారే వైద్యం చదివి రోగులకు సేవ చేయమని హితవు చెప్పి పంపారు.

మద్రాసు వైద్య కళాశాలలో చదివే రోజుల్లో గాంధీజీ పిలుపు విని, ఖద్దరు వస్త్రాలతోనే శస్త్రచికిత్స తరగతికి వెళ్లారు. ఆంగ్లేయుడైన ఆచార్యునికి అది నచ్చలేదు. ఫలితంగా సుబ్బారావుకు ఎం.బి.బి.ఎస్. దక్కలేదు, అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే లభించింది.

అంతకంటె పెద్ద దెబ్బ ఇంటిలోనే తగిలింది. స్ప్రూ అని వైద్యులు పిలిచే సంగ్రహణి వ్యాధితో ఆయన సోదరులిద్దరు కొద్దిరోజుల తేడాతో మరణించారు. పేగులు ఆహారసారాన్ని గ్రహించలేక, రోగి రక్తహీనుడై క్షీణించిపోయే జబ్బు అది. సుబ్బారావును కూడా అది పట్టుకుంది. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో ఆయన బ్రతికి బయటపడ్డారు. వైద్యుడై ఉండి కూడా ఆ రోగానికి కారణం తెలియకపోవడం ఆయనను వెంటాడి ఉండాలి.

కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయంతో, మామగారు సమకూర్చిన ధనంతో 1923 అక్టోబరులో ఆయన బోస్టన్ చేరారు. భార్య శేషగిరికి త్వరలోనే తిరిగి వస్తానని మాట ఇచ్చి వెళ్లారు. ఆయన వెళ్లిన తరువాత పుట్టిన మగబిడ్డ పసితనంలోనే కన్నుమూశాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడనే లేదు.

పరాయిదేశంలో పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్రపాత్రలు శుభ్రపరిచే పని చేశారు. పగలు హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి పరిశోధన సాగించారు. శరీరద్రవాలలో భాస్వరాన్ని కొలిచే వారి పద్ధతి 1925లో వెలువడింది. అది నేటికీ వారిద్దరి పేరుతోనే వ్యవహారంలో ఉంది. తరువాత కండరాలలో ఫాస్ఫోక్రియేటిన్‌ను గుర్తించారు. జీవకణానికి శక్తినిచ్చే ఎ.టి.పి.ని 1929లో వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా దానిని కనుగొన్నారు. ఇంత చేసినా హార్వర్డులో స్థిరమైన పదవి లభించలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెరల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ఔషధ సంస్థలో చేరారు.

అక్కడ ఫోలిక్ ఆసిడ్ మీద పని ఫలించింది. ఆయన బృందం 1945లో దానిని కృత్రిమంగా తయారుచేసింది. టెరిడిన్ వలయం, పారా అమినో బెంజోయిక్ ఆమ్లం, గ్లుటామిక్ ఆమ్లం అనే మూడు భాగాల కూర్పు అది. కణం విభజన చెందేముందు డి.ఎన్.ఎ.ను రెట్టింపు చేసుకోవడానికి ఈ విటమిన్ కావాలి. ఇది లోపిస్తే మజ్జలోని కణాలు పెద్దవవుతాయే గాని సక్రమంగా విభజన చెందవు. ఆ మందు ఇచ్చినపుడు స్ప్రూ రోగుల రక్తం కోలుకుంది. తన సోదరులను బలిగొన్న వ్యాధికి సంబంధించిన ఔషధం ఆయన ప్రయోగశాల నుండే వచ్చింది. కాని అప్పటికి పాతికేళ్లు గడిచిపోయాయి. నేడు చిత్తూరు జిల్లా పల్లెల్లో గర్భిణులకు ఇచ్చే ఐరన్ మాత్రలో కూడా ఈ ఫోలిక్ ఆసిడ్ ఉంటుంది.

ఇదే టెరిన్ల కుటుంబంలో మన శరీరం తానే తయారుచేసుకునే టెట్రాహైడ్రోబయోప్టెరిన్ కూడా ఉంది. అది తోడులేనిదే రక్తనాళాలను సడలించే నైట్రిక్ ఆక్సైడ్ సరిగా పుట్టదు. ఆ వాయువు చేసే పనిని వెల్లడించినవారికి 1998లో నోబెల్ బహుమతి దక్కింది. సుబ్బారావుకు మాత్రం నోబెల్ రాలేదు.

కణాల వృద్ధికి ఫోలిక్ ఆసిడ్ అవసరమైతే, దానిని అడ్డుకుంటే విచ్చలవిడిగా పెరిగే క్యాన్సర్ కణాలు ఆగవా? బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్‌కు కలిగిన ఆలోచన ఇది. అందుకు కావలసిన అమినోప్టెరిన్‌ను సుబ్బారావు బృందం అందించింది. చూపునకు ఫోలిక్ ఆసిడ్ వలెనే ఉండి, కణాన్ని మోసగించి, పనిని స్తంభింపజేసే పదార్థమది. రక్తక్యాన్సర్‌తో బాధపడుతున్న 16 మంది పిల్లలకు ఇవ్వగా 10 మందిలో మెరుగుదల కనిపించిందని 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించారు. ఆ మేలు తాత్కాలికమే. అయినా అంతవరకు ఆశే లేని వ్యాధి అది. దాని సోదర ఔషధమైన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది. బోదకాలు వ్యాధికి వాడే హెట్రజాన్, ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ కూడా ఆయన నడిపిన పరిశోధనశాల నుండే వచ్చాయి.

ఫార్బర్ ప్రకటన వెలువడిన రెండు నెలలకే, 1948 ఆగస్టులో, తన 53వ ఏట సుబ్బారావు నిద్రలోనే గుండె ఆగి మరణించారు. ఆయన అమెరికా పౌరసత్వం తీసుకోలేదు. 1995లో శతజయంతి సందర్భంగా భారత ప్రభుత్వం తపాలా బిళ్ళ విడుదల చేసింది. త్వరలో వస్తానన్న భర్త కోసం శేషగిరి ఎదురుచూసిన కాలం పాతికేళ్లు.