సలీం అలీ – గిజిగాళ్ళు

పక్షి శాస్త్రవేత్త సలీం అలీ 1896 నవంబరు 12న బొంబాయిలో జన్మించారు. పసితనంలోనే తల్లిదండ్రులను కోల్పోగా మేనమామ పెంచి పెద్దచేశారు. డిగ్రీ పట్టా లేనందున ప్రభుత్వ జంతుశాస్త్ర సంస్థలో ఉద్యోగం రాలేదు. 1926లో బొంబాయి మ్యూజియంలో గైడ్ లెక్చరర్‌గా చేరారు. తరువాత జర్మనీ వెళ్ళి పక్షిశాస్త్రం నేర్చుకొని 1930లో తిరిగి వచ్చేసరికి, నిధులు లేవని ఆ ఉద్యోగమూ తీసేశారు.

చేసేది లేక, భార్య తెహ్మినాతో కలిసి సముద్రపు ఒడ్డున ఉన్న కిహిమ్ అనే పల్లెకు మకాం మార్చారు. అక్కడ గిజిగాళ్ళు గూళ్ళు కట్టేవి. మన ఊళ్ళలో తాటిచెట్లకు, ఈతచెట్లకు వేలాడే ఆ గూళ్ళు మనమూ చూసినవే. కానీ ఎంతమందిమి ఆగి చూశాం? ఆయన ఓపికగా గమనించారు. మగపక్షి గూడు సగం అల్లి ఆపుతుంది. ఆడపక్షి వచ్చి చూసి, నచ్చితేనే అందులో ఉంటుంది. లేదంటే ఎగిరిపోతుంది! అది కుదురుకున్నాక మగపక్షి ఆ గూడు పూర్తిచేసి, మరో గూడు మొదలుపెట్టి ఇంకొక ఆడపక్షిని పిలుస్తుంది. జీతం లేని ఆ రోజుల్లో కనిపెట్టిన ఈ సంగతే శాస్త్రవేత్తల్లో ఆయనకు పేరు తెచ్చింది.

1931–32లో నిజాం హైదరాబాదు సంస్థానంలో పక్షుల సర్వే చేశారు. ఆ తిరుగుళ్ళలో తెహ్మినా కూడా వెంట ఉన్నారు. 1939లో ఆమె మరణించారు. రెండేళ్ళకు, 1941లో, భారతీయ పక్షులపై ఆయన రాసిన పుస్తకం వెలువడింది. 1976లో పద్మవిభూషణ్ అందుకున్న సలీం అలీ 1987లో కన్నుమూశారు.