సుకుమార్ రాయ్

సుకుమార్ రాయ్ (అక్టోబరు 30, 1887 - సెప్టెంబరు 10, 1923) ప్రముఖ బెంగాలీ బాలసాహిత్యకారుడు, చిత్రకారుడు, పత్రికా సంపాదకుడు మరియు ముద్రణా నిపుణుడు. బాలల కొరకు ఈయన వ్రాసి, స్వయముగా బొమ్మలు వేసిన ఆబోల్ తాబోల్ అను గేయ సంపుటి బెంగాలీ సాహిత్యములో అసంబద్ధ హాస్య కవిత్వమునకు తలమానికముగా పరిగణించబడుచున్నది. బాలసాహిత్యకారుడు ఉపేంద్రకిశోర్ రాయ్ చౌధురి ఈయన తండ్రి. చలనచిత్ర దర్శకుడు సత్యజిత్ రాయ్ ఈయన కుమారుడు. కవిత, బొమ్మ, అచ్చు అను మూడు పనులూ ఒక్కరి చేతిలోనే ఉండుట సుకుమార్ ప్రత్యేకత. తన ప్రధాన గ్రంథము వెలువడుటకు తొమ్మిది రోజుల ముందు, 35 సంవత్సరముల వయసులో ఈయన మరణించాడు.

కుటుంబ నేపథ్యము

సుకుమార్ కలకత్తా (నేటి కోల్‌కతా) నగరములో ఒక బ్రహ్మసమాజ కుటుంబములో జన్మించాడు. వీరి పూర్వీకులది తూర్పు బెంగాలులోని మైమెన్‌సింగ్ జిల్లాకు చెందిన మసూవా గ్రామము. ఇది ప్రస్తుతము బంగ్లాదేశ్‌లో ఉన్నది. తల్లి విధుముఖీ దేవి బ్రహ్మసమాజ సంస్కర్త ద్వారకానాథ్ గంగూలీ కుమార్తె. ద్వారకానాథ్ రెండవ భార్య కాదంబినీ గంగూలీ భారతదేశపు తొలి మహిళా వైద్యులలో ఒకరు. రవీంద్రనాథ్ ఠాగూర్ ఈ కుటుంబమునకు సన్నిహితుడు. ఆయన వ్రాసిన రాజర్షి నవలలోని హాసి, తాతా అను పిల్లల పేర్లనే సుకుమార్ అక్క సుఖలతకు, సుకుమార్‌కు ముద్దుపేర్లుగా పెట్టుకున్నారు.

తండ్రి ఉపేంద్రకిశోర్ రచయిత, చిత్రకారుడు, సంగీతజ్ఞుడు. పిల్లల కొరకు ఆయన వ్రాసిన రామాయణము తొలిసారి అచ్చయినప్పుడు, కొయ్య దిమ్మలపై చెక్కుటలో తన బొమ్మలు చెడిపోవుట ఆయనను బాధించినది. అప్పుడాయన ఇంగ్లాండు నుండి పరికరములు తెప్పించుకొని, హాఫ్‌టోన్ విధానమును స్వయముగా అభ్యసించి, 1895లో సొంత సంస్థను నెలకొల్పాడు. అదియే తరువాత యు.రాయ్ అండ్ సన్స్‌గా పేరు పొందినది. హాఫ్‌టోన్ విధానములో సన్నని గీతల గళ్ళు ఉన్న గాజు తెర గుండా చిత్రమును ఫొటో తీస్తారు. అప్పుడు చిత్రము చిన్నా పెద్దా చుక్కలుగా విడిపోవును. ఆ చుక్కలను లోహపు రేకుపై నిలిపి బ్లాకు తయారు చేస్తారు. చుక్కలు పెద్దవిగా ఉన్నచోట నలుపు, చిన్నవిగా ఉన్నచోట తెలుపు ఎక్కువగా కనిపించును. పిల్లల పుస్తకములోని బొమ్మ బాగా రావలెనన్న తండ్రి పట్టుదల నుండి పుట్టిన ఈ విద్యయే కుమారునికి వారసత్వముగా లభించినది.

విద్యాభ్యాసము

సుకుమార్ కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి, భౌతిక, రసాయన శాస్త్రములలో 1906లో ఆనర్సు పట్టా పొందాడు. ఆ కాలములో నాన్సెన్స్ క్లబ్ అను మిత్రబృందమును ఏర్పరచాడు. సాఢే బత్రిశ్ భాజా (ముప్పది రెండున్నర వేపుళ్ళు) అను వ్రాతపత్రిక ఈ క్లబ్బుదే. లక్ష్మణేర్ శక్తిశేల్, ఝాలాపాలా అను హాస్య నాటికలను ఈ బృందము కొరకే వ్రాశాడు.

1911లో కలకత్తా విశ్వవిద్యాలయము వారి గురుప్రసన్న ఘోష్ విద్యార్థి వేతనముతో ఇంగ్లాండు వెళ్ళి, మొదట లండనులో, తరువాత మాంచెస్టరులో ఫొటో బ్లాకుల తయారీ, లితోగ్రఫీ విద్యలను అభ్యసించాడు. ముద్రణారంగమున ప్రసిద్ధి చెందిన పెన్రోజ్ వార్షిక సంచికలో తండ్రి వలెనే ఈయన కూడా సాంకేతిక వ్యాసములు ప్రచురించాడు. 1912లో రవీంద్రనాథ్ ఠాగూర్ లండను వచ్చినప్పుడు సుకుమార్ అక్కడే ఉన్నాడు. నోబెల్ బహుమతికి పూర్వమే ఠాగూర్ కవిత్వమును గురించి అక్కడి విద్యావంతుల సభలో ఆంగ్లమున ప్రసంగ వ్యాసము చదివాడు.

సందేశ్ పత్రిక

1913లో ఉపేంద్రకిశోర్ పిల్లల కొరకు సందేశ్ అను మాసపత్రికను ప్రారంభించాడు. బెంగాలీలో ఈ మాటకు వార్త అనియు, పాలవిరుగుడుతో చేయు ఒక మిఠాయి అనియు రెండర్థములు కలవు. సుకుమార్ అదే సంవత్సరము స్వదేశమునకు తిరిగివచ్చి, డిసెంబరులో సుప్రభా దేవిని వివాహమాడాడు. కుటుంబము నివసించిన 100, గడ్‌పార్ రోడ్డు భవనములోనే ముద్రణాలయము కూడా ఉండెడిది.

1915 డిసెంబరులో తండ్రి మరణించుటతో సంస్థ నిర్వహణ, పత్రికా సంపాదకత్వము రెండునూ సుకుమార్‌పై పడినవి. తరువాత సుమారు ఎనిమిదేండ్ల పాటు ఈయన సందేశ్ కొరకు గేయములు, కథలు, నాటికలు, పొడుపు కథలు, విజ్ఞానశాస్త్ర వ్యాసములు, జీవిత చరిత్రలు వ్రాశాడు, బొమ్మలు వేశాడు. పినతండ్రి కుమార్తె లీలా మజుందార్ చేత మొదటి కథ వ్రాయించినది కూడా ఈయనే. తరువాతి కాలములో ఆమె ప్రసిద్ధ బాలసాహిత్య రచయిత్రి అయినది. ఇదే కాలములో సుకుమార్ నడిపిన సోమవారపు గోష్ఠి మండే క్లబ్‌ను మిత్రులు హాస్యముగా మండా క్లబ్ అనెడివారు. మండా కూడా ఒక మిఠాయియే.

గేయములు, బొమ్మలు

1915లో సందేశ్‌లో వెలువడిన ఖిచుడీ (కిచిడీ) అను గేయము సుకుమార్ శైలికి ఆరంభముగా చెప్పబడును. ఇందులో జంతువులు ఒకదానితో ఒకటి అతుక్కుపోవును. బెంగాలీలో హాఁస్ అనగా బాతు, సజారు అనగా ముళ్ళపంది. రెండును కలిసి హాఁస్‌జారు అయినవి. అట్లే బక్ (కొంగ), కచ్ఛప్ (తాబేలు) కలిసి బకచ్ఛప్, హాతి (ఏనుగు), తిమి (తిమింగలము) కలిసి హాతిమి ఏర్పడినవి. మొదటి మాట చివరి అక్షరము, రెండవ మాట మొదటి అక్షరము ఒకటే అగుటచే అతుకు కనబడదు. సంధి సూత్రములు ఎరిగిన తెలుగు పాఠకులకు ఈ చమత్కారము సులభముగా బోధపడును.

మాటలలో జరిగిన ఈ సంధి బొమ్మలో కూడా జరుగవలెను. సుకుమార్ చిత్రకళను పాఠశాలలో అభ్యసించలేదు. అయినను బాతు మెడ ఎక్కడ ముగిసి ముళ్ళపంది వీపు ఎక్కడ మొదలగునో చూపరికి అనుమానము రాకుండ గీశాడు. అసాధ్యమైన ప్రాణిని సాధ్యమైనట్లు చూపుటయే ఈ బొమ్మలలోని హాస్యము. ఆయన బొమ్మలలో అధికభాగము కలముతో గీసిన రేఖాచిత్రములు. ఇట్టి వాటిని ఫొటో తీసి బ్లాకు చేసినచో చిత్రకారుని గీత మరొకరు చెక్కకుండ యథాతథముగా అచ్చగును. బ్లాకులో ఏ గీత నిలుచునో తెలిసినవాడు గనుక, ముఖములోని చిన్న ముడుతను కూడా ఆయన నిశ్చింతగా గీయగలిగాడు.

ఈ గేయములలోని పాత్రలు పిల్లలకు వినోదమును, పెద్దలకు ఆలోచనను కలిగించును. మీసము ఎవరో దొంగిలించిరని కార్యాలయములో గగ్గోలు పెట్టు పెద్ద గుమాస్తా, నవ్వుట నిషేధమని భయపడుచు బ్రతుకు రామగరుడుని పిల్లలు, కాలు జారి పడినవానికి 21 రూపాయల జరిమానా విధించు దేశపు చట్టము ఇందుకు ఉదాహరణలు. బ్రిటిషు పాలన నాటి గుమాస్తాల జీవితము, అధికారుల దర్పము వీటిలో వ్యంగ్యముగా కనిపించునని విమర్శకులు అభిప్రాయపడ్డారు. ఆంగ్ల రచయితలు ఎడ్వర్డ్ లియర్, లూయిస్ కరోల్‌లతో ఈయనను తరచు పోల్చుదురు.

అనారోగ్యము, మరణము

1921 మే 2న కుమారుడు సత్యజిత్ జన్మించాడు. అదే సంవత్సరము సుకుమార్‌కు కాలా ఆజార్ వ్యాధి సోకినది. ఇసుక ఈగ కాటు వలన వ్యాపించు ఈ జ్వరము ఆ కాలములో బెంగాలును పట్టి పీడించినది. కలకత్తాలోనే ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి యూరియా స్టిబమైన్ అను మందును రూపొందించుచున్న రోజులవి. తరువాత అనేకుల ప్రాణములు కాపాడిన ఆ మందు సుకుమార్‌ను కాపాడలేదు.

సుమారు రెండున్నరేండ్లు వ్యాధితో ఉండియు ఈయన పని మానలేదు. హ-జ-బ-ర-ల అను హాస్య కథ ఈ కాలములోనే సందేశ్‌లో ప్రచురితమైనది. చెదురుగా అచ్చయిన గేయములను ఏరి, ఆబోల్ తాబోల్ అను పేరుతో పుస్తకముగా కూర్చాడు. ఈ పేరును తెలుగులో అవాకులు చవాకులు అనవచ్చును. మంచము మీది నుండియే పుస్తకమునకు డమ్మీ తయారు చేసి, ముఖచిత్రము గీశాడు. సంపుటిలోని చివరి గేయములో అదే ఆటపాటల ధోరణి నడుమ చీకటి, నిద్ర కమ్ముకొను ప్రస్తావన వచ్చును. తన మరణము సమీపించినదని తెలిసియే దానిని వ్రాశాడని పలువురు భావిస్తారు.

1923 ఆగస్టు చివరలో రవీంద్రనాథ్ ఠాగూర్ వచ్చి, ఈయన పడక ప్రక్కన కూర్చుండి పాటలు పాడి వినిపించాడు. సెప్టెంబరు 10న సుకుమార్ మరణించాడు. సెప్టెంబరు 19న ఆబోల్ తాబోల్ వెలువడినది.

అనంతర కాలము

సుకుమార్ తమ్ముడు సువినయ్ కొంతకాలము సందేశ్‌ను నడిపినను, కొన్ని సంవత్సరములలోనే పత్రిక ఆగిపోయినది, సంస్థ దివాలా తీసినది. కుటుంబము గడ్‌పార్ రోడ్డు ఇంటిని వదలవలసి వచ్చినది. హ-జ-బ-ర-ల 1924లోను, పాగ్లా దాశు కథలు 1940లోను, ఖాయ్ ఖాయ్ గేయములు 1950లోను పుస్తకములుగా వచ్చినవి.

తండ్రి మరణించునాటికి సత్యజిత్ వయసు రెండేండ్ల నాలుగు నెలలు. ఆయన తండ్రిని ఎక్కువగా పుస్తకముల ద్వారానే ఎరిగినవాడు. పెద్దయిన తరువాత సత్యజిత్ కూడా పిల్లల పుస్తకములకు బొమ్మలు వేశాడు. 1961లో కవి సుభాష్ ముఖోపాధ్యాయ్‌తో కలిసి సందేశ్‌ను పునఃప్రారంభించాడు. తండ్రి గేయములు కొన్నింటిని ఆంగ్లములోనికి అనువదించి 1970లో ప్రచురించాడు. 1987లో శతజయంతి సందర్భముగా తండ్రిపై ఒక డాక్యుమెంటరీ చిత్రము తీశాడు. 2023లో ఆబోల్ తాబోల్‌కు నూరేండ్లు నిండినవి. రచయిత ఒక్కసారియు చేతిలోనికి తీసుకొనలేకపోయిన ఆ పుస్తకము బెంగాలీ కుటుంబములలో తరతరములుగా పిల్లలకు కంఠస్థమగుచు, ఆయన బొమ్మలతోనే పలుమార్లు పునర్ముద్రణ పొందినది.