నర్సుల మరణాల లెక్క అడిగిన నైటింగేల్

మార్కాపురం, మే 11: ఏటా మే 12న ఆసుపత్రుల్లో ఒక చిత్రపటానికి పూలమాల వేస్తారు. నర్సులు కొవ్వొత్తులు వెలిగించి ప్రతిజ్ఞ చేస్తారు. అంతర్జాతీయ నర్సుల దినోత్సవంగా పాటించే ఆ రోజు ఫ్లోరెన్స్ నైటింగేల్ జయంతి. ఆమె చేతిలోని దీపం సంగతి చిన్నపిల్లలకు సైతం తెలుసు. ఆసుపత్రుల్లో పనిచేస్తూ నర్సులే జ్వరాలకు, కలరాకు బలైపోతున్నారని లెక్కలు తీసి చూపినది కూడా ఆమేనన్న విషయం అంతగా ప్రచారంలోకి రాలేదు. భారతదేశంలో అడుగుపెట్టకపోయినా, మన ప్రాంతాన్ని కబళించిన ధాత కరువుపై ఆమె కలమెత్తారన్న సంగతి తెలిసినవారు మరీ అరుదు.

నైటింగేల్ 1820 మే 12న ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో సంపన్న ఆంగ్ల దంపతులకు జన్మించారు. పుట్టిన ఊరి పేరునే తల్లిదండ్రులు ఆమెకు పెట్టారు. తండ్రి వద్ద భాషలతో పాటు గణితం అభ్యసించారు. రోగులకు సేవ చేస్తానని ఆమె చెప్పినపుడు ఇంటిల్లిపాదీ అడ్డుపడ్డారు. అందులో ఆశ్చర్యమేమీ లేదు. ఆ రోజుల్లో ఇంగ్లండులో ఆసుపత్రి నర్సు అంటే తాగుబోతు అనీ, వేరే పని దొరకని మనిషి అనీ చులకన ఉండేది. ఏళ్ల తరబడి పోరాడి 1851లో జర్మనీలోని కైజర్స్‌వర్త్‌లో మూడు నెలలు శిక్షణ పొందారు. 1853లో లండన్ హార్లీ వీధిలోని ఒక చిన్న ఆసుపత్రికి పర్యవేక్షకురాలయ్యారు.

అక్కడ ఆమె ముందుగా గమనించినది నర్సుల కాళ్లనొప్పులే అనవచ్చు. వేడినీళ్లకు, భోజనానికి మెట్లెక్కి దిగడంలోనే నర్సుల పొద్దంతా గడిచిపోయేది. వేడినీళ్లు గొట్టాల ద్వారా ప్రతి అంతస్తుకూ రావాలని, భోజనం పైకి చేరవేసే యంత్రం ఉండాలని, ఏ రోగి గంట మోగించారో వెంటనే తెలియాలని ఆమె పట్టుబట్టారు. నర్సు సమయం రోగి పక్కనే గడవాలన్నది ఆమె అభిప్రాయం. నేటికీ రిజిస్టర్లు నింపడంలోనే సగం డ్యూటీ గడిచిపోయే సిస్టర్లకు ఆ బాధ వేరే చెప్పనక్కరలేదు.

క్రిమియా యుద్ధం

1854 అక్టోబరు 21న 38 మంది స్త్రీలతో ఆమె లండన్ నుంచి బయలుదేరి, నవంబరు 4న ఇస్తాంబుల్ సమీపంలోని స్కుటారి సైనిక ఆసుపత్రికి చేరారు. సైనిక వైద్యులు వారిని వార్డుల్లోకి రానివ్వలేదు. నైటింగేల్ తొందరపడలేదు. వైద్యులు పిలిచేదాకా రోగిని ముట్టరాదని తన బృందాన్ని కట్టడి చేశారు. నర్సులు కూర్చుని పరుపులు, దిండ్లు కుట్టారు. యుద్ధరంగం నుంచి క్షతగాత్రులు వందల సంఖ్యలో వచ్చిపడటంతో వైద్యులే పిలవక తప్పలేదు. ఈ కట్టడిని కొందరు నర్సులు జీర్ణించుకోలేకపోయారు. మద్యం సేవించినవారిని ఆమె నిర్దాక్షిణ్యంగా తిప్పిపంపారు. రాత్రివేళ ఇతర నర్సులను వార్డుల్లో తిరగనిచ్చేవారు కారు. తానొక్కరే లాంతరు పట్టుకుని వెళ్లేవారు. బొమ్మల్లో చూపే ప్రమిద వంటి దీపం చిత్రకారుల కల్పన. ఆమె వాడినది మడతపెట్టే తురుష్క లాంతరు.

1855 ఫిబ్రవరిలో అక్కడ నూటికి 42 మంది మరణించారు. భవనం కింద మురుగు కాలువలు పూడిపోయి ఉన్నాయి. మార్చిలో వచ్చిన పారిశుద్ధ్య సంఘం వాటిని శుభ్రం చేయించి గాలి, వెలుతురు ఏర్పాటు చేసిన అనంతరం జూను నాటికి మరణాలు నూటికి రెండుకు తగ్గాయి. ఈ ఘనతనంతా ఆమెకే కట్టబెట్టడం సరికాదు. మురుగు తొలగించినది ఆ సంఘం. అయితే ఆ పాఠాన్ని జీవితాంతం మరువనిది ఆమె. ఇందులోనూ ఒక విచిత్రం ఉంది. రోగాలు దుర్గంధపు గాలి వల్ల వస్తాయని ఆమె చాలాకాలం నమ్మారు. సూక్ష్మక్రిముల సిద్ధాంతాన్ని ఆలస్యంగా అంగీకరించారు. కారణం తప్పుగా ఊహించినా, చెప్పిన శుభ్రత సరైనదే కావడం రోగుల అదృష్టం.

1855 మేలో క్రిమియాలోని బాలక్లావా ఆసుపత్రులను చూడబోయి ఆమె తీవ్ర జ్వరంతో పడిపోయారు. ప్రాణాలు దక్కుతాయా అన్న స్థితి ఏర్పడింది. జుట్టు కత్తిరించవలసి వచ్చింది. అది పశువుల నుంచి సోకే బ్రూసెల్లోసిస్ అయి ఉంటుందని తర్వాతి కాలపు వైద్యులు కొందరు భావించారు. ఆమెతో పనిచేసిన నర్సుల్లో కొందరు అక్కడే వ్యాధుల పాలై కన్నుమూశారు. 1856లో స్వదేశం చేరిన నైటింగేల్ మరుసటి ఏడాది నుంచే తరచుగా మంచం పట్టారు. 37 ఏళ్ల వయసుకే ఆరోగ్యం చెడిన ఆ మనిషి, గది నుంచే మరో మూడు దశాబ్దాల పాటు ప్రభుత్వాల చేత పని చేయించారు.

సేవ చేసేవారికి రక్షణ

1858లో ఇంగ్లండు గణాంక సంఘంలో సభ్యత్వం పొందిన తొలి మహిళ ఆమె. ఆ విద్యను నర్సుల కోసమూ వినియోగించారు. ఆసుపత్రులపై తాను రాసిన పుస్తకం 1863 ముద్రణలో లండన్ ఆసుపత్రుల నర్సుల మరణాలను నగరంలోని ఇతర స్త్రీల మరణాలతో పోల్చారు. జ్వరాలు, కలరా వంటి అంటురోగాలు నర్సులనే ఎక్కువగా పొట్టన పెట్టుకుంటున్నాయని తేలింది. నర్సుల అనారోగ్యాన్ని, మరణాలను ఆసుపత్రులు నమోదు చేయాలని కోరారు. నర్సు రోజులో పలుమార్లు చేతులు కడుక్కోవాలని 1859 నాటి నర్సింగ్ పుస్తకంలోనే రాశారు. సూది గుచ్చుకుంటే నమోదు చేయడం, నర్సులకు హెపటైటిస్-బి టీకా వేయడం వంటి నేటి పద్ధతులు ఆ కోవకు చెందినవే. కోవిడ్ కాలంలో మాస్కుల కోసం నర్సులు పడిన పాట్లు ఇంకా అందరికీ గుర్తే.

1860లో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో ప్రజల విరాళాలతో ఆమె పేరిట నర్సింగ్ పాఠశాల ప్రారంభమైంది. అన్నీ విజయాలే కావు. కింగ్స్ కళాశాల ఆసుపత్రిలో నెలకొల్పిన మంత్రసానుల శిక్షణ వార్డులో బాలింత జ్వరాలు ప్రబలి, తల్లులు మరణించడంతో 1867లో దానిని మూసివేయవలసి వచ్చింది. ఆమె ఆ వైఫల్యాన్ని దాచిపెట్టలేదు. ప్రసవ మరణాల లెక్కలు సేకరించి 1871లో పుస్తకంగా వెలువరించారు. నర్సులకు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ కావాలని 1887 తర్వాత ఉద్యమం వచ్చినపుడు మాత్రం ఆమె వ్యతిరేకించారు. పరీక్ష రాసి పేరు నమోదు చేసుకున్నంత మాత్రాన మంచి నర్సు కాలేరన్నది ఆమె వాదన. కాలం ఆ వాదనను పక్కకు నెట్టింది. ఇంగ్లండులో 1919లో, మద్రాసు రాష్ట్రంలో 1926లో నర్సుల చట్టాలు వచ్చాయి.

ధాత కరువు

భారతదేశంలో సైనికుల ఆరోగ్యంపై నియమించిన రాయల్ కమిషన్ 1863లో నివేదిక ఇచ్చింది. దాని వెనుక శ్రమలో అధిక భాగం నైటింగేల్‌దే. ఏటా వెయ్యిమంది సైనికుల్లో 69 మంది మరణిస్తున్నారని ఆ నివేదిక బయటపెట్టింది. సైనికుల సంగతి తవ్వగా ఊళ్ల దుస్థితి బయటపడింది. మంచినీరు, మురుగు కాలువలు లేని పల్లెల గురించి ఆమె వైస్రాయిలకు, గవర్నర్లకు లేఖలు రాస్తూనే ఉన్నారు.

1876-78లో మద్రాసు రాష్ట్రాన్ని ధాత కరువు ముంచెత్తింది. మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతాలు అప్పట్లో కర్నూలు జిల్లాలో ఉండేవి. 1970లో మాత్రమే కొత్త జిల్లాలో చేరాయి. 1871, 1881 జనాభా లెక్కల మధ్య కర్నూలు జిల్లా దాదాపు నాలుగోవంతు జనాన్ని కోల్పోయింది. కరువు పనులకు వచ్చిన కూలీకి రోజుకు ఒక పౌండు ధాన్యం, కొద్దిపాటి డబ్బు చాలునని ప్రభుత్వం కోత పెట్టిన కాలమది. గుండ్లకమ్మపై వెలసిన కంభం చెరువు వంటి పూర్వుల కట్టడాలు ఉన్నా, ఈ మెట్టసీమకు అప్పట్లో కాలువ నీరు ఉండేది కాదు.

గోదావరి ఆనకట్ట నిర్మాత సర్ ఆర్థర్ కాటన్‌తో నైటింగేల్‌కు ఉత్తర ప్రత్యుత్తరాలు ఉండేవి. నీరు పారిన గోదావరి, కృష్ణా డెల్టాలు తమను తాము పోషించుకుని ఇతరులకూ తిండి పెట్టాయని, రైళ్లకు పెట్టే ధనం కాలువలకు ఎందుకు పెట్టరని ఆమె ప్రశ్నించారు. రైతును పీల్చే వడ్డీ వ్యాపారాన్ని సైతం వదలలేదు. 1878 ఆగస్టులో లండన్ పత్రిక నైన్‌టీన్త్ సెంచరీలో భారత ప్రజలపై ఆమె రాసిన వ్యాసం పాలకులకు రుచించలేదు. రోగానికి మందు కన్నా ముందు తిండి, నీరు కావాలన్న ఈ చూపు ఆసుపత్రి నుంచి వచ్చిందే.

గత శతాబ్దపు తొలి ఏళ్లకే... అనగా 1901 నాటికి ఆమె చూపు పూర్తిగా పోయింది. అయినా భారత పారిశుద్ధ్య నివేదికలు ఇంటికి వస్తూనే ఉండేవి. ఇక పంపి ప్రయోజనం లేదని 1906లో ఆమె ఇంటివారు ఇండియా కార్యాలయానికి తెలియజేశారు. 1907లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ పురస్కారం అందుకున్న తొలి మహిళ అయ్యారు. 1910 ఆగస్టు 13న 90వ ఏట లండన్‌లో కన్నుమూశారు. వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో ఖననం చేస్తామన్న ప్రతిపాదనను బంధువులు ఆమె కోరిక మేరకు కాదన్నారు. హాంప్‌షైర్‌లోని ఈస్ట్ వెల్లో గ్రామ చర్చి ఆవరణలో కుటుంబ సమాధి వద్దనే పూడ్చిపెట్టారు. రాతిపై ఆమె పూర్తి పేరు లేదు. రెండు పొడి అక్షరాలు, జనన, మరణ వివరాలు మాత్రమే ఉన్నాయి.