నీటిని తూచి కాలాన్ని కొలిచినవాడు

దూరాన్ని కాలంతో భాగిస్తే వేగం. మన రాజోలి బడిలో అందరం బట్టీ పట్టిన సూత్రమే. గోడమీద గడియారం ఉండగా అందులో కష్టమేమిటో నాకు తెలియలేదు. గెలీలియో జీవితం చదివాక తెలిసింది.

ఆయన 1564లో ఇటలీలోని పీసాలో పుట్టాడు. తండ్రి సంగీతకారుడు. కొడుకును వైద్యం చదవమని పంపితే, మధ్యలో మానేసి గణితం వైపు మళ్లాడు. కిందపడే వస్తువు వేగాన్ని పట్టగల గడియారం ఆ రోజుల్లో లేదు. అందుకని వాలుగా పెట్టిన చెక్క గాడిలో కంచు గుండును దొర్లించి, పరుగును నెమ్మది చేశాడు. అది దొర్లినంతసేపూ పాత్రలోంచి సన్నని గొట్టం గుండా కారిన నీటిని పట్టి తూచాడు. ఆ బరువే ఆయనకు కాలం. నిలిచిన చోటు నుంచి కదిలిన గుండు రెట్టింపు కాలంలో నాలుగు రెట్ల దూరం పోతుందని తేల్చాడు. ఇది చదువుతుంటే మా మగ్గం ఇంట్లో పట్టునూలు తూచే తక్కెడ కళ్లముందు మెదిలింది.

భూమి సూర్యుని చుట్టూ తిరుగుతుందని సమర్థించినందుకు 1633లో రోమ్‌లో మతాధికారులు శిక్ష వేశారు. బతికినన్నాళ్లూ గృహనిర్బంధమే. అయినా చలనం మీద పుస్తకం పూర్తిచేశాడు. 1638లో అది హాలెండ్‌లో అచ్చయ్యేసరికి ఆయనకు చూపు పోయింది. 1642లో కన్నుమూశాడు.

2009 తుంగభద్ర వరదలో మా ఇంటితోపాటు నా బడి పుస్తకాలూ పోయాయి. సూత్రం మిగిలింది. ఇప్పుడు మనవరాలికి దాన్ని చెప్పేటప్పుడు గడియారం పక్కనపెట్టి, చిల్లు చెంబుతో మొదలుపెడతాను.